కప్ప గెంతేదాకా

మా బావ ఎవర్నీ తొందరపెట్టడు.

మనుషుల్నే కాదు, వస్తువుల్ని కూడా. లిఫ్టు బొత్తాం ఒకసారి నొక్కి చేతులు కట్టుకుని నిలబడతాడు. నేను రెండోసారి నొక్కబోతే చెయ్యి పట్టుకుంటాడు.

"దానికి తెలిసిందిరా. వస్తోంది. పైనుంచి రావాలిగా పాపం."

ఒకరోజు అది ఎంతకీ రాలేదు. కాళ్లు పీకి గోడకి ఆనుకుంటే వీపుకి కాగితం తగిలింది. తిరిగి చూస్తే "లిఫ్టు పనిచేయదు" అని రాసుంది.

"బావా, ఇది చూశావా?"

"వచ్చినప్పుడే చూశాను. బాగుచేసేవాళ్లు లోపలున్నారేమో, అయిపోవచ్చిందేమో అనుకున్నాను."

మెట్లెక్కి పైకి వెళ్లాం. మెట్లమీద కూడా ఆయన నన్ను తొందరపెట్టలేదు. అలిసిపోయి మధ్యలో కూర్చుంటే తనూ పక్కన కూర్చున్నాడు.

ఈ బావ మా అక్క మొగుడు. యూనివర్సిటీలో కప్పలమీద పరిశోధన చేసే ప్రొఫెసరు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ. ఆయన పేరు గుర్తురానివాళ్లు ముక్కు పక్కన వేలు పెట్టుకుని "ఈయన ఉన్నారా?" అని అడుగుతారు. గేటు దగ్గర కాపలావాళ్లు ఆ మచ్చ చూసే లోపలికి వదులుతారు. అందుకని గడువు తీరిపోయిన గుర్తింపు కార్డుని ఆయన ఏనాడూ కొత్తది చేయించుకోలేదు. కార్డులో ఫోటోకి నల్లటి జుట్టు ఉంటుంది, ఆయనకు లేదు.

ఇక నా సంగతి. చదువు సగంలో ఆపేసి, చేరిన రెండు ఉద్యోగాల్లోనూ తిట్లు తిని మానేసి, నాలుగు రోజులు ఉండి వెళ్తానని చెప్పి అక్క ఇంటికొచ్చాను. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తికాలేదు. ఈలోగా బావ ప్రయోగశాలలో తొట్టెలు చూసుకునే పని ఖాళీ అయితే అందులో కుదురుకున్నాను. అంటే ఇంట్లోనూ ఆయనే, ఆఫీసులోనూ ఆయనే. ఇంటికి ఆలస్యమైతే అక్క నన్నంటుంది, ఆఫీసుకి ఆలస్యమైతే డిపార్టుమెంటు హెడ్డుగారు నన్నంటారు. ఆయన్ని అని లాభంలేదని ఇద్దరికీ తెలుసు. పొద్దున్న ఆయనతో బయల్దేరి అలిసిపోతాను, సాయంత్రం ఆయనతో తిరిగొచ్చి అలిసిపోతాను. మధ్యలో ఉద్యోగం చేస్తాను.

ఇంట్లో వంటగది కుళాయి కారుతుంటే ప్లంబరుకి కబురు చేశాడు. ఒక్కసారే చేశాడు. కింద బకెట్టు పెట్టాం. నిండితే నేను పారబోసి మళ్లీ పెట్టేవాణ్ణి.

"ఏవండీ, ఇంకోసారి ఫోన్ చెయ్యకూడదూ?" అంది అక్క.

"చెప్పాంగా. వస్తాడు."

"ఎప్పుడు? ఈ బకెట్టు తుప్పుపట్టాకా?"

"ప్లాస్టిక్ బకెట్టుకి తుప్పు పట్టదే," అన్నాడు బావ నెమ్మదిగా.

అక్క నావైపు తిరిగింది. "విన్నావా? పెళ్లి చేసుకుందామని నాతో చెప్పడానికి ఈయనకి ఎంతకాలం పట్టిందో తెలుసా? అసలు చెప్పలేదు. చూసి చూసి నేనే చెప్పాను."

"నీకు వీలైనప్పుడు చెప్తావని ఊరుకున్నాను," అన్నాడు బావ.

ఈ జబ్బు ఆయనకు కప్పలనుంచి అంటుకుంది.

మా ప్రయోగశాలలో రెండు వరసల తొట్టెలున్నాయి. రెండింట్లోనూ ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చిన తోకకప్పలు. మొదటి వరసలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. రెండో వరసలోంచి రోజూ పొద్దున్న నేను మగ్గుతో కాసిని నీళ్లు తీసేస్తాను. ఎండిపోతున్న గుంటలో ఉన్నామని వాటికి అనిపించాలి. అనిపిస్తుంది కూడా. ఇంకా ఇక్కడే ఉంటే చస్తామని వాటి ఒంటికి తెలిసిపోతుంది. ఎదగడం పక్కనపెట్టి, గబగబా కాళ్లు తెచ్చుకుని, తోక వదిలించుకుని ఒడ్డెక్కేస్తాయి. నిండు తొట్టెల్లోవి ఇంకా తాపీగా ఈదుతుండగానే ఇవి కప్పలైపోయి కూర్చుంటాయి.

"ఇవే చురుకైనవి కదా బావా?" అన్నాను చేరిన కొత్తలో.

"భయపడ్డవిరా," అన్నాడు.

అలా ఒడ్డెక్కినవి చిన్నగా ఉంటాయి. వెనక కాళ్లు పొట్టి. గెంతితే దగ్గర్లోనే పడతాయి. తర్వాత ఎంత మేపినా, ఎంత నీడన ఉంచినా చాలావాటికి ఆ లోటు పూర్తిగా తీరదు. నేను నీళ్లు తీసింది వాటికి తోక ఉన్నప్పుడు. అవి పెరిగి పెద్దవయ్యాక కూడా వాటి కాళ్లల్లో నా మగ్గు ఉంటుందంటాడు బావ. ఈ మాట విన్నప్పట్నుంచీ పొద్దున్నే ఆ మగ్గు పట్టుకోవాలంటే నాకు చెయ్యి రాదు. నీళ్లు తియ్యమనేదీ ఆయనే, నేను తీస్తుంటే మొహం అటు తిప్పుకుని "కాస్త ఓర్చుకోండమ్మా" అని తొట్టెలకి చెప్పేదీ ఆయనే.

అసలు నరకం గెంతు కొలిచే రోజున ఉంటుంది. బల్లమీద పొడవాటి తెల్లకాగితం పరిచి, కప్ప పాదాలకి రంగునీళ్లు అద్ది ఒక చివర కూర్చోబెడతాం. ఇంకెక్కడైనా అయితే, ఆ తర్వాత వెనకనుంచి కుంచెతో చిన్నగా పొడుస్తారు. అది గెంతుతుంది, కొలుస్తారు, ఇంటికి పోతారు. మా దగ్గరా కుంచె ఉంది. కొన్ననాటి కవరులోనే ఉంది.

"పొడిస్తే అది పారిపోవడంరా. నాకు గెంతడం కావాలి," అంటాడు బావ.

కనక కూర్చుంటాం. కప్ప గెంతేదాకా టీ లేదు, మాట లేదు, తుమ్ము లేదు. నేను, బావ, కప్ప ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుంటాం. ముగ్గురిలో ముందు కళ్లు మూసేది నేనే. ఒకసారి కునుకు తీసి లేచేసరికి కాగితంమీద కప్ప లేదు.

"గెంతిందా బావా?"

"గెంతినట్టే ఉంది."

"ఎంత దూరం?"

"చూడలేదురా. నేనూ పడుకున్నాను," అన్నాడు. కప్ప కోసం బల్లకింద వెతికి వెతికి నా నడుం పట్టేసింది.

ఇలాంటి ప్రయోగశాలకి పరిశోధన చేయడానికి ఒక అమ్మాయి వచ్చింది. అంతకుముందు ఆమెకు వేరే గైడు ఉండేవాడు. ఆయన రోజూ వచ్చి, చేతి గడియారం విప్పి ఆమె బల్లమీద పెట్టి "ఊఁ, ఇంకా?" అనేవాడట. మా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎలా ఉండేదంటే, వెనకనుంచి ఎవరైనా "అమ్మాయీ" అంటే చేతిలో ఉన్నది కింద పడేసేది. మా టీకప్పులు చాలావరకు అలాగే పోయాయి. సెమినారులో మాట్లాడమంటే లేచి నిలబడి, బిగుసుకుపోయి, అలాగే కూర్చునేది. థీసిస్ చివరి అధ్యాయం తప్ప అంతా రాసేసింది. ఆ చివరిది మాత్రం రాస్తూనే ఉంది. అందుకని అందరం ఆమెను "చివరి అధ్యాయం" అనేవాళ్లం. చివరి అధ్యాయం టీకి వెళ్లింది. చివరి అధ్యాయానికి జలుబు చేసింది. ఆమె కూడా ఆ పేరుకి పలికేది.

బావ కనబడితే పాపం తలొంచుకుని మొదలుపెట్టేది. "సార్, రేపు తప్పకుండా..."

"నేనేం అడగలేదుగా అమ్మా. టీ తాగావా?"

ఇన్నేళ్లలో ఆయన ఆమెతో థీసిస్ గురించి మాట్లాడింది ఇంతే. ఇది మంచితనం కాదు, ఒట్టి బద్ధకమని నా నమ్మకం. అక్కతో కూడా అదే చెప్పాను. అక్క కుళాయివైపు చూపించింది.

ఒకరోజు హెడ్డుగారు వచ్చారు. హెడ్డుగారు చెడ్డమనిషి కాదు. పైవాళ్లు ఆయన్ని తొందరపెడతారు, ఆయన కిందవాళ్లని తొందరపెడతారు. ఎప్పుడు చూసినా సరిగా నిద్రలేనట్టుంటారు.

"మాస్టారూ, ఈ అమ్మాయికి ఇవ్వాల్సిన గడువులన్నీ ఇచ్చేశాం. నెలాఖరు సాయంత్రం ఐదింటికి కౌంటరు మూసేలోపు థీసిస్ అందాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ల పనీ చెత్తబుట్టకే. ఇందులో నేను చెయ్యగలిగిందేం లేదు."

అని, ఆమెవైపు తిరిగి చేతి గడియారంమీద వేలితో రెండుసార్లు కొట్టారు. ఆయనకేం తెలుసు పాపం. మా ఆఖరి టీకప్పు పగిలింది.

ఆ రోజునుంచి ఆమె రాయడం మానేసింది. ల్యాప్‌టాప్ తెరిచేది కాదు. వచ్చి తొట్టెలు కడిగేది. నేను కడిగినవే మళ్లీ కడిగేది. "నేను చూసుకుంటా, నువ్వెళ్లి రాసుకోమ్మా" అంటే, "ఫర్వాలేదన్నయ్యా, ఇది బాగుంది" అనేది. కడిగిన తొట్టెలు తళతళలాడుతున్నాయి, నెలాఖరు దగ్గరికొచ్చేస్తోంది.

నేను ఉండబట్టలేక బావని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఒక్క మాట చెప్పు బావా. గట్టిగా. జీవితంలో ఒక్కసారి."

"చెప్తే రాస్తుందిరా. నీళ్లు తీసేస్తే కాళ్లు రావూ? వస్తాయి."

"వస్తే చాలు కదా బావా! పొట్టివైతే ఏం, పొడుగువైతే ఏం?"

"ఇదివరకు వేరేచోట నీళ్లు తీశారు. ఇప్పుడు హెడ్డుగారు తీస్తున్నారు. ఇంక నేను కూడా మగ్గు పట్టుకోనా?"

"పట్టుకోకపోతే తొట్టే పోతుంది బావా!" అని అరిచాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన గోడకి ఆనుకుని, కిటికీలోంచి లోపలి తొట్టెలవైపు చూశాడు. ఆయన కూడా అలిసిపోయినట్టున్నాడని అప్పుడనిపించింది.

మర్నాడు బల్లమీద తెల్లకాగితం పరిచి, రెండో వరసలోంచి ఒక కప్పని తెచ్చి కూర్చోబెట్టాడు. అది అన్నింట్లోకీ చిన్నది. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా గెంతదు. దాన్ని నేను పెద్దమనిషి అంటాను.

"అమ్మా, ఇవాళ్టినుంచి దీని పని నీది. అది గెంతేదాకా దగ్గర కూర్చోవాలి. పొడవకూడదు, పిలవకూడదు. ఊరికే కూర్చోవడం ఎవరికైనా కష్టమే. తోచకపోతే ఏదైనా రాసుకుంటూ కూర్చో."

నేను తల పట్టుకున్నాను. గడువు ముంచుకొస్తుంటే కప్పకి కాపలా పెట్టాడు!

తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు వేసుకుని తనే కూర్చున్నాడు. హెడ్డుగారు రానే వచ్చారు.

"ఆ అమ్మాయితో మాట్లాడాలి."

"ఇప్పుడు కుదరదండి. లోపల కప్ప గెంతబోతోంది."

"ఎప్పుడు గెంతుతుంది?"

"అదే చూస్తున్నాం."

హెడ్డుగారు వెళ్లి భోజనం చేసి వచ్చారు. "గెంతిందా?"

"ఇంకా లేదండి. మీరు కూడా కూర్చుంటారా? ఇంకో స్టూలుంది."

నాలుగోసారి వచ్చినప్పుడు హెడ్డుగారు ఏమీ అడక్కుండా ఆ స్టూలుమీద కూర్చున్నారు. కాసేపటికి గోడకి తల ఆనించి నిద్రపోయారు. ఆయన అంత హాయిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన గురక ఆగినప్పుడల్లా లోపలనుంచి సన్నగా ఒక చప్పుడు వినబడేది. ల్యాప్‌టాప్ మీటల చప్పుడు. ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. నేను లేచి తొంగిచూడబోతే బావ నా చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు.

రోజూ ఇదే వరస. నెలాఖరురోజు మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. కళ్లకింద నల్లటి చారలతో ఆమె నిలబడింది.

"అయిపోయింది సార్."

"గెంతిందా?"

"కప్ప కాదు సార్. అధ్యాయం."

"ఓహో. మంచిదమ్మా. టీ తాగావా?"

టీ ఏమిటి! నేనూ ఆమే పరిగెత్తాం. ప్రింటు తీసేచోట వరస. అది అయ్యాక బైండింగు కొట్టు. కొట్టాయన మూడు ప్రతులకీ అట్టలు అంటించి, బరువు పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

"జిగురు ఆరాలండి."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

ఇక్కడ కూడా మా బావలాంటివాడే దొరికాడు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. బావకి ఫోన్ చేశాను.

"బావా, జిగురు ఆరలేదు! ఐదింటికి అందుకోలేం!"

"ఆరనీరా. పచ్చిమీద లాగితే పేజీలు ఊడొస్తాయి," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. ఆ అమ్మాయి ఏడవలేదు. కొట్టు గుమ్మంలో కూర్చుని బరువు కింద ఉన్న తన పుస్తకాలనే చూస్తోంది. ఏడవడానిక్కూడా ఓపిక లేనట్టుంది.

మేము పుస్తకాలు మోసుకుంటూ యూనివర్సిటీ ఆఫీసు మెట్లెక్కేసరికి ఐదు దాటి చాలాసేపైంది. వరండా అంతా ఖాళీ. లైట్లు కూడా తీసేస్తున్నారు. ఊరికే అలవాటుకొద్దీ చివరిదాకా నడిచాం. కౌంటరు కిటికీ తెరిచే ఉంది.

కిటికీ ముందు మా బావ ఉన్నాడు. ఒక కాలికి బూటు లేదు. ప్యాంటు మోకాలిదాకా మడిచి, కాలు పక్కనున్న కుర్చీమీద పెట్టి, వంగి చూసుకుంటున్నాడు. లోపలనుంచి గుమాస్తా మెడ బయటికి చాచి ఆ కాలునే చూస్తున్నాడు.

"ఇది పుట్టుమచ్చంటారా, దెబ్బంటారా?"

"దెబ్బే సార్."

"దెబ్బ రాయొచ్చా?"

"ఏదో ఒకటి రాసెయ్యండి సార్. నా బస్సు పోయింది."

"ఏదో ఒకటి రాస్తే ఎలాగండీ? గుర్తింపు చిహ్నం కదా. మోచేతి మీద ఒకటి దొరికింది. రెండోది కూడా కావాలని మీ ఫారంలోనే ఉంది."

గుర్తింపు కార్డు! ఇన్నేళ్లకి ఆ కార్డు కొత్తది చేయించుకోవడానికి ఇవాళే వచ్చాడు. నాకు సంగతి అప్పుడు వెలిగింది. కిటికీ పక్కన బోర్డుమీద నియమం పెద్ద అక్షరాలతో ఉంది: ఐదులోపు వచ్చినవారి పని పూర్తయ్యేదాకా కిటికీ మూయరాదు. కిటికీ తెరిచి ఉన్నంతసేపూ వచ్చిన కాగితాలు తీసుకోవలెను. మేమంతా ఎన్నోసార్లు చదివిన బోర్డే.

గుమాస్తా బావ ముక్కువైపు చూస్తూ నోరు తెరిచాడు. "సార్, మీ..."

బావ చెయ్యెత్తాడు. "ఉండండి, చెప్పకండి. నేనే వెతుక్కుంటాను. కాస్త నా మెడ వెనక చూస్తారా?"

గుమాస్తా నోరు మూసుకున్నాడు. మూసుకుని, మా చేతుల్లో పుస్తకాలు చూశాడు. బోర్డుని చూశాడు. బావని చూశాడు. అతనికీ వెలిగింది.

"ఇలా ఇవ్వమ్మా," అని ఆమె దగ్గర పుస్తకాలు తీసుకున్నాడు. పేజీలు తిప్పి, సంతకాలు చూసి, దడేల్మని ముద్ర వేశాడు. ఆ చప్పుడు వరండా అంతా వినబడింది.

చివరి అధ్యాయం ఉలిక్కిపడలేదు. చేతిలో రసీదు కింద పడెయ్యలేదు.

బావ నడుం నిటారుగా చేసి, నెమ్మదిగా ముక్కు పక్కన వేలు పెట్టుకున్నాడు.

"అరె, ఇక్కడుందే!"

"దొరికిందా సార్? సంతోషం," అన్నాడు గుమాస్తా కిటికీ మూస్తూ. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "మీ బావగారు నాలుగున్నర దాటాక పరిగెత్తుకుంటూ వచ్చారండి. ఊపిరందక కాసేపు మాట కూడా రాలేదు. ఫారం చేతికిచ్చాక మాత్రం..."

పరిగెత్తుకుంటూ! ఆయన పరిగెత్తగా చూసే అదృష్టం నాకు లేకపోయింది. బూటు తొడుక్కుంటున్న ఆయన్ని అడిగాను.

"నిజంగా పరిగెత్తావా బావా?"

"కొంచెంరా. మీ అక్కతో అనకు."

ఆ అమ్మాయి మెట్లమీద కూర్చుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. బావ ఏదీ అడగలేదు. ఆమె పని అయ్యేదాకా కింద మెట్టుమీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని, "సార్, టీ తాగుదామా?" అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

టీ తాగి, ఆమెను బస్సెక్కించి, బావ సంచీ కోసం ప్రయోగశాలకి వెళ్లాం. బల్లమీద కాగితం ఉంది, కప్ప లేదు. మొదటి చివర రంగు పాదాల గుర్తులున్నాయి. ఆ తర్వాత కాగితమంతా తెల్లగా ఉంది. కాస్త వెతికితే పెద్దమనిషి నీళ్లు తీసే నా మగ్గులో కూర్చుని కనబడింది. మగ్గు కాగితం దాటి, బల్ల ఆ చివర ఉంది.

"బావా! ఇంతదూరం ఒక్క గెంతేనా? ఎంతని రాయను?"

"ఏం రాయకు. ఎవరూ చూడలేదుగా. ఒక్క కప్ప ఒక్కరోజు గెంతితే లెక్క మారదురా," అన్నాడు. అంటూనే ఆ మగ్గు వంక చూసి చాలాసేపు నవ్వుకున్నాడు.

కిందికి వెళ్లడానికి లిఫ్టు దగ్గర నిలబడ్డాం. బావ బొత్తాం ఒకసారి నొక్కి చేతులు కట్టుకున్నాడు. నాకు కాళ్లు లాగేస్తున్నాయి, ఒళ్లంతా నొప్పులు. అలా నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. నేను వచ్చి ఇన్నేళ్లయినా, ఈయన ఒక్కనాడు కూడా "ఎప్పుడు వెళ్తావురా?" అని అడగలేదు. "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని కూడా అడగలేదు. మా నాన్న అడిగాడు, పనిచేసినచోట్ల అడిగారు, చివరికి అక్క కూడా ఒకసారి అడిగింది. ఈయనకి మతిమరుపనుకున్నాను.

"బావా, నేను మీ ఇంటికి నాలుగు రోజులుంటానని వచ్చాను. గుర్తుందా?"

"ఉందిరా."

"మరి?"

"ఇంకా అవలేదుగా," అన్నాడు బావ, లిఫ్టు తలుపువైపే చూస్తూ.

లిఫ్టు రాలేదు. నేను రెండోసారి నొక్కలేదు. చాలాసేపటికి అటుగా వచ్చిన కాపలాదారు గోడమీది కాగితం చూపించాక, ఇద్దరం మెట్లవైపు నడిచాం.